కుందేలు చెయ్యి పట్టుకుని

నేను ఎలుగుబంటిని. నా తోటికోడలు కుందేలు. ప్రతి ఆదివారం సాయంత్రం పుస్తకాల షాపులో, పిల్లల ముందు, మేమిద్దరం ప్రాణస్నేహితులం. మిగతా రోజుల్లో ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో ఉంటూ ఒకరి మొహం ఒకరం చూసుకోం.

నవ్వొస్తే నవ్వండి. మొదట్లో నాకూ నవ్వే వచ్చింది.

షాపు పెద్దదే. ముందు భాగమంతా పోటీ పరీక్షల గైడ్లు, వంటల పుస్తకాలు, నెల తిరిగేలోగా కోటీశ్వరులైపోవడం ఎలాగో చెప్పే పుస్తకాలు. ఆ కిటుకు తెలిసినవాళ్ళు పుస్తకాలెందుకు రాసుకుంటున్నారో నాకైతే అర్థం కాదు. వెనక గది పిల్లలది. అక్కడ ఏ బల్ల చూసినా జంతువుల స్నేహాలే. ఏనుగుకీ చీమకీ స్నేహం, పిల్లికీ ఎలుకకీ స్నేహం, మొసలికీ పిట్టకీ స్నేహం. అన్నిటికంటే ఎక్కువ పోయేవి మాత్రం ఎలుగుబంటి, కుందేలు కథలు. ప్రతి కథలోనూ ఎలుగుబంటి ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది, కుందేలు ఉపాయం చేసి బయటికి లాగుతుంది, చివరి పేజీలో రెండూ కావలించుకుంటాయి. ఆదివారం ఓనరుగారు మైకు పట్టుకుని ఒక కథ చదువుతారు. మేము వేషాలేసుకుని, చెక్క వేదిక మీద దాన్ని ఆడి చూపిస్తాం. అక్కడ ఓనరుగారి రూల్సు రెండే. వేషంలో నోరు విప్పకూడదు. పిల్లల ముందు తల తీయకూడదు.

మా ఇద్దరికీ చెడింది ఆస్తి దగ్గరా కాదు, వంటింటి దగ్గరా కాదు. బుడంకాయ దగ్గర.

బుడంకాయ అంటే తోటికోడలి కూతురు. ఆరేళ్ళది. ఆ పేరు నేనే పెట్టాను, బుగ్గలు చూసి. నాకు పిల్లల్లేరు. ఈ ముక్క చెప్పగానే జనం మొహాలు జాలిగా పెడతారు కాబట్టి గబుక్కున చెప్పేసి ముందుకెళ్ళిపోతున్నాను. దాని తల్లి పనికి పోతుంటే పసిగుడ్డుగా ఉన్నప్పట్నించీ నా ఒళ్ళోనే పెరిగింది. చెవి వెనక వేలితో రాస్తే తప్ప నిద్రపోయేది కాదు. తీరా బడిలో వేశాక, "మా అమ్మ" బొమ్మ వెయ్యమని టీచరు అంటే, అది నన్ను వేసి కూచుంది. కళ్ళజోడు, గడ్డం మీద పుట్టుమచ్చ, ఏదీ మర్చిపోలేదు. టీచరు దాన్ని తీసుకెళ్ళి గోడకి అంటించింది. తల్లిదండ్రుల్ని పిలిచిన రోజున నా తోటికోడలు వెళ్ళి, పదిమంది అమ్మల మధ్య నిలబడి ఆ బొమ్మ చూసింది. ఆమెకి కళ్ళజోడు లేదు. పుట్టుమచ్చా లేదు.

ఆ సాయంత్రమే రెండు వాటాల మధ్య తలుపు గడియ పడింది. మర్నాడు దానికి అడ్డంగా బీరువా వచ్చింది. "పెద్దమ్మతో మాట్లాడావంటే నేనెక్కడికైనా వెళ్ళిపోతా" అని పిల్లని బెదిరించడం గోడ ఇవతల నాకు వినబడింది. ఆమె కడుపుమంట నాకు తెలియక కాదు. తొమ్మిది నెలలు మోసింది ఆమె. కానీ ఒక్క బొమ్మకి ఇంత శిక్షా? పిల్ల మెట్ల మీద ఎదురైతే తల వంచుకుని గోడవారగా పోయేది. అన్నదమ్ములిద్దరు మాత్రం ఎప్పట్లాగే అరుగు మీద కూచుని లోకం సంగతులు మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళకి ఏ బీరువా అడ్డం రాలేదు.

తోటికోడలు అప్పటికే షాపులో కుందేలు. ఎలుగుబంటి వేసే అతను మానేశాడనీ, ఓనరు మనిషి కోసం చూస్తున్నాడనీ మరిది మాటల్లో అన్నాడు. ఆదివారాలు వాళ్ళ వాటాలో ఎవరూ ఉండరు కాబట్టి పిల్లని కూడా షాపుకే తీసుకెళ్తోందనీ అన్నాడు. మర్నాడే వెళ్ళి ఓనరుగారి ముందు నిలబడ్డాను. నా తోటికోడలు పక్కనే ఉండి కక్కలేక మింగలేక చూసింది. వద్దనాలంటే ఇంటి గుట్టు బయట పెట్టాలి. ఆ పని ఆమె చచ్చినా చెయ్యదని నాకు తెలుసు.

ఎలుగుబంటి తలకి కళ్ళున్నాయి గానీ అవి గాజువి. లోపలివాళ్ళు చూడాల్సింది తెరిచిన నోటికి కట్టిన నల్లటి వలలోంచి. దూరంగా ఉన్నది కనబడుతుంది, కాళ్ళ దగ్గర ఏముందో కనబడదు. అందుకని కుందేలు చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. ఆ చెయ్యికో భాష ఉంది. మొదటిరోజు నాకది నేర్పిన తీరు చూడాలి.

"ఓనరుగారూ, ఆ ఎలుగుబంటికి చెప్పండి. ఒకసారి నొక్కితే మెట్టు. రెండుసార్లు నొక్కితే కాళ్ళ దగ్గర పిల్లలున్నారు. వదలకుండా నొక్కితే ఆగిపోవాలి."

"పక్కనే ఉన్నారుగా, మీరే చెప్పొచ్చుగా?"

"మీరు చెప్తేనే బాగుంటుందండీ."

ఆయన పాపం అదంతా మళ్ళీ నాకు అప్పజెప్పాడు.

"అర్థమైందని కుందేలుకి చెప్పండి ఓనరుగారూ" అన్నాను నేను. మేమేదో తమాషా చేస్తున్నామనుకుని పగలబడి నవ్వాడు.

కథ అయిపోయాక పిల్లలు వరసగా వచ్చి ఎలుగుబంటిని కావలించుకుంటారు. మొదటి ఆదివారం ఆ వరసలో బుడంకాయ వచ్చింది. కుందేలు తన తల్లేనని దానికి తెలుసు. ఎలుగుబంటి పక్కవీధి అబ్బాయని చెప్పారట. నా మెడ చుట్టూ చేతులేసింది. ఏడాది పైనే అయింది ఆ చేతులు నా మీద పడి. ఆ బొచ్చు తలలో చెమటేదో కన్నీళ్ళేదో తెలియకుండా కారిపోయాయి. అది వెళ్ళి మళ్ళీ వరస చివర నిలబడింది. మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ప్రతి వారం అంతే. వారమంతా నేను బతికింది ఆ కాసేపటి కోసం. ఇంకేదీ అడగలేదు ఎవర్నీ.

కుందేలు అన్నీ చూస్తూనే ఉండేది. ఒక్కనాడూ అడ్డు రాలేదు. పైగా మెట్టు దగ్గర ఆ చెయ్యి ముందే, మెత్తగా నొక్కడం మొదలుపెట్టింది. ఒకసారి వేషం విప్పే గదిలో, నేను ఆయాసపడుతుంటే, మంచినీళ్ళ సీసా నా పక్కన పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఇంకేముంది, నా వెర్రి మనసు ఎగిరి గంతేసింది. ఇవాళో రేపో బీరువా జరుగుతుందని ఆశపడ్డాను.

ఒక ఆదివారం, బుడంకాయ నన్ను వాటేసుకున్నప్పుడు, అలవాటు కొద్దీ నా వేలు దాని చెవి వెనక్కి పోయింది. అంత లావు గ్లవ్జు ఉన్నా పిల్ల ఠక్కున ఆగిపోయింది. తర్వాత ఎలుగుబంటి నోటికి నోరు ఆనించి, పిల్లలు రహస్యం చెప్తే ఎంత గట్టిగా చెప్తారో అంత గట్టిగా చెప్పింది.

"పెద్దమ్మా, నువ్వే కదూ? నాకు తెలిసిపోయింది. అమ్మకి చెప్పన్లే. ఒట్టు."

మాట్లాడకూడదు కాబట్టి తల నిమిరాను. అది నవ్వింది. కొత్తగా కన్ను కొట్టడం నేర్చుకున్నట్టుంది, ఒక్క కన్ను మూయడం రాక రెండూ గట్టిగా మూసి తెరిచింది.

మరుసటి ఆదివారం కథ మామూలుగానే సాగింది. ఎలుగుబంటి చెట్టు తొర్రలో ఇరుక్కుంది, కుందేలు లాగింది, కావలించుకున్నాం. "నేస్తాలంటే ఇలా ఉండాలి" అన్నారు ఓనరుగారు మైకులో. పిల్లలు చప్పట్లు కొట్టారు. కుందేలు చెయ్యి పట్టుకుని వేదిక దిగడానికి నడిచాను. మెట్టు రాలేదింకా అనుకుంటున్నాను. చెయ్యి నొక్కలేదు మరి. కాలు గాల్లో పడింది.

మోకాలు నేలకి తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి. ఎలుగుబంటి తల ఊడి, దొర్లుకుంటూ పిల్లల మధ్యకి పోయింది. జుట్టు చెమటకి అతుక్కుపోయి, కళ్ళజోడు వంకర పోయి, గడ్డం మీద పుట్టుమచ్చతో సహా నేను అందరి ముందూ బయటపడ్డాను. చిన్నపిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. "ఎలుగుబంటికి ఒంట్లో బాలేదు, ఎలుగుబంటికి ఒంట్లో బాలేదు" అని ఓనరుగారు మైకులో తెగ అరుస్తున్నారు. తప్పు ఒంట్లో ఉన్నట్టు.

బుడంకాయ ముందు వరసలో నిలబడి ఉంది. పక్కన ఇంకెవరో పిల్లాడి చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఒకాయన, అది నన్నే చూస్తుండడం గమనించి, "ఎవరమ్మా ఆవిడ? నీకు తెలుసా?" అని అడిగాడు.

పిల్ల నన్ను చూసింది. తలెత్తి కుందేలుని చూసింది. కుందేలు మొహం మీద కుట్టిన నవ్వు అలాగే ఉంది.

"తెలీదు" అంది బుడంకాయ, అందరికీ వినబడేలా. "ఈవిడెవరో నాకస్సలు తెలీదు."

అని, నా వైపు తిరిగి, రెండు కళ్ళూ గట్టిగా మూసి తెరిచింది.

ఒట్టు పెట్టిన మాట తప్పలేదు నా తల్లి. నాకు దాని మీద ఎంత ప్రేమ పొంగిందో, మా తోటికోడళ్ళిద్దరి మీదా అంత అసహ్యం వేసింది.

వేషాల గదిలో నా తోటికోడలు కుందేలు తల తీసి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను చెయ్యి నొక్కలేదు" అంది. ఏడాది పైన అయ్యాక నాతో అన్న మొదటి మాట అది.

"తెలుసు."

"పోయినవారం అది నీతో చెప్పింది విన్నా. ఇంటికెళ్ళి, ఎలుగుబంటితో ఏం మాట్లాడావే అని అడిగా. ఏం మాట్లాడలేదమ్మా అంది. నా కళ్ళల్లోకి చూసి అంది అక్కా."

అక్కా అన్న సంగతి ఆమెకే తెలిసినట్టు లేదు.

"అందుకని పడేస్తావా? మెడ విరిగుంటే?"

"తల ఊడిపోతే పెద్దమ్మా అని అరుస్తుందనుకున్నా. అప్పుడు నిన్ను అందరి ముందూ కడిగేద్దామనుకున్నా."

"అరవలేదుగా."

"అరవలేదు." ఆమె ఒళ్ళోని కుందేలు చెవిని వేలికి చుట్టుకుంది. "అంత బాగా అబద్ధమాడటం ఎవరు నేర్పారు దానికి?"

"బాగానే ఉంది. నువ్వు అవతల్నించీ నేను ఇవతల్నించీ ఇన్నాళ్ళూ చేసిందేమిటి?"

ఆమె నోరు తెరిచింది. ఏదో అనబోయింది. అంతలో ఓనరుగారు తలుపు తోసుకుని వచ్చి, పిల్లలు జడుసుకున్నారనీ, వచ్చే వారం నుంచి వేరే మనిషిని చూసుకుంటాననీ, నా మోకాలికి కట్టు కట్టించుకోమనీ చెప్పారు. నా తోటికోడలు కుందేలు తల తగిలించుకుని ఆయన వెంట వెళ్ళిపోయింది. ఇంటి దగ్గర బీరువా అంగుళం కూడా జరగలేదు.

వెళ్ళకూడదు అనుకుంటూనే తరవాతి ఆదివారం కుంటుకుంటూ వెళ్ళాను. లోపలికి కాదు. వెనక వీధిలో నిలబడి, పిల్లల గది కిటికీ అద్దంలోంచి చూశాను. కథ అయిపోయింది. కుందేలు కొత్త ఎలుగుబంటి చెయ్యి పట్టుకుని మెట్టు దగ్గరికి తెచ్చింది. చెయ్యి నొక్కినట్టుంది, అతను జాగ్రత్తగా అడుగు దించాడు.

బుడంకాయ వరసలో వచ్చింది. ఎలుగుబంటి మెడ చుట్టూ చేతులు వేసింది. నోటి దగ్గర నోరు పెట్టి చాలాసేపు ఏవో కబుర్లు చెప్పింది. మనిషి మారిన సంగతి దానికి ఎవరు చెప్పారు గనక? మాట్లాడే మనిషేదీ దానికి ఇంట్లో? లోపలి అతను రూలు ప్రకారం నోరు విప్పకుండా తల నిమిరాడు. దానికి అంతే చాలు. మొహం వెలిగిపోయింది. వాళ్ళమ్మ కంటబడకుండా అటు తిరిగి, ఎలుగుబంటికి రెండు కళ్ళూ గట్టిగా మూసి తెరిచింది.

కుందేలు పక్కనే నిలబడి అంతా చూసింది. ఆపలేదు. ఆపాల్సిన అవసరం ఇక లేదు మరి.