మక్నీన్ పాట

అల్జీర్స్ శివార్లలోని ఆ పార్కులో ఒకప్పుడు మక్నీన్ పిట్టలు గుంపులు గుంపులుగా ఉండేవి. ఎర్రటి మొహం, రెక్క మీద పసుపు చార, పాట వింటే మనిషి నడక ఆగిపోవాల్సిందే. ఫ్రెంచి దొరలు అరబ్బుల్ని గేటు లోపలికి రానిచ్చేవారు కాదు. అందుకని రాబహ్ తండ్రి కంచె బయట జిగురుపుల్లలు పెట్టి పిట్టల్ని పట్టేవాడు. దొరలు పోయాక ఊరు ఊరంతా లోపలికి జొరబడి పట్టింది. పాతికేళ్లలో ఒక్క పిట్టను మిగిలిస్తే ఒట్టు!

ఆ పార్కు పిట్టల పాట మాత్రం దర్జీ రాబహ్ ఇంట్లో బతికింది. ముసలి పిట్ట పక్కన పిల్లపిట్ట పంజరం వేలాడదీసి తండ్రి నేర్పించాడు, ఆయన పోయాక రాబహ్ నేర్పించాడు. పిచ్చుక కిచకిచలు చెవిన పడితే పిట్ట పాట చెడిపోతుందని కిటికీ కూడా తెరవనిచ్చేవాడు కాదు. ఉక్కకు తాళలేక పెళ్లాం పుట్టింటికి పోయింది. పోతే పోయింది, పాట ఉంది కదా అనుకున్నాడు. ఇప్పుడు ఆ పాట ఒకే ఒక్క పిట్ట గొంతులో ఉంది.

"నా పిల్లపిట్టను కూడా కొన్నాళ్లు నీ దగ్గర వేలాడదీయనీ అన్నా, అల్లా నీకు మేలు చేస్తాడు" అని ఎదురింటి బూజెమా బతిమాలాడు. రాబహ్ పొంగిపోయి ఒప్పుకున్నాడు. పిల్ల పాట పట్టేసింది.

ఆ వసంతంలోనే పార్కుకు నూరేళ్ల పండగ వచ్చింది. మక్నీన్లను మళ్లీ చెట్ల మీదికి వదలాలని కమిటీ తీర్మానించింది. కమిటీ పెద్ద బూజెమాయే.

"నీ పిట్టను కూడా వదలాలి అన్నా. మీ నాన్న ఇక్కడే కదా పట్టింది! దాచుకుంటే జనం నీ మొహాన ఉమ్మేస్తారు."

"మరి నువ్వో?"

"నేనా? నా ప్రాణమే వదిలేస్తున్నా!"

తీరా ఆ రోజు అందరూ పాట రాని పిట్టల్ని, కుంటి పిట్టల్ని తెచ్చారు. బూజెమా తెచ్చింది సంతలో కొన్న మూగది. నిజంగా పాడే పిట్టను తెచ్చిన వెర్రివాడు రాబహ్ ఒక్కడే. పంజరంలో పుట్టిన ఆ పిట్ట ఎగరలేక బెంచీ మీద వాలి, గింజల కోసం అతని వైపే చూసింది. చప్పట్లు ఆగకముందే పార్కు పిల్లి దాన్ని నోట కరుచుకుపోయింది.

"పిల్లి కూడా ఈ పార్కుదే కదన్నా, దానికీ పండగే!" అన్నాడు బూజెమా. అందరూ పగలబడి నవ్వారు.

మర్నాడు ఎదురు బాల్కనీలోంచి అదే పాట వినిపించింది. రాబహ్ వీధిలోకి పరుగెత్తి, కన్నీళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు. బూజెమా పంజరం మీద గుడ్డ కప్పేశాడు.

"ఊరికే వినేస్తే ఎలా అన్నా? నా పిట్ట గొంతు అరిగిపోదూ!"

రాబహ్‌కు ఒళ్లు మండిపోయింది. నేరుగా పార్కుకు పోయి నాలుగు పిచ్చుకల్ని పట్టుకొచ్చాడు. కిటికీ బార్లా తెరిచి, ఆ బాల్కనీకి ఎదురుగా వేలాడదీశాడు. బూజెమా తిట్టాడు, చివరికి కాళ్లు పట్టుకున్నాడు. రాబహ్ పిచ్చుకలకు ఇంకాస్త మేత వేశాడు. వేసవి ముగిసేసరికి ఎదురింటి పిట్ట పాట ఎత్తుకుని, సగంలో కిచకిచమనడం మొదలుపెట్టింది. రాబహ్ కడుపుబ్బా నవ్వాడు.

ఒక సాయంత్రం బూజెమా ఆ పంజరాన్ని తెచ్చి గుమ్మంలో పడేశాడు. "తీసుకో. మీ నాన్న పాట. నువ్వే తగలేశావు, ఇక నువ్వే విను."

పిట్టకు అసలు పాట మళ్లీ నేర్పుదామని రాబహ్ పిచ్చుకల్ని వదిలేసి, దాని ముందు కూర్చుని ఈల వేశాడు. సగం దాకా బాగానే వచ్చింది. తర్వాతిది ఎంత వెతుక్కున్నా నోటికి రాలేదు. వేసవంతా అతను విన్నదీ పిచ్చుకలనే.