కోసేసిన ఎనిమిది నిమిషాలు

కుళాయి తిప్పగానే నీళ్ళు రావు.

ముందు గాలి వస్తుంది. గొట్టంలో ఎక్కడో ఒక గురక. ఒక దగ్గు. నాలుగు చుక్కలు... మళ్ళీ గాలి. బిందె కింద పెట్టి నిలబడాలి. నిలబడితే వస్తాయి.

మా ఇంట్లో నీళ్ళ కోసం అందరం నిలబడేవాళ్ళం.

మా అమ్మాయి మాట కోసం ఎవరం నిలబడలేదు.

తను "అ..." అనగానే నేను "అద్దమా?" అనేవాణ్ణి. "గొ..." అనగానే వాళ్ళమ్మ "గొడుగా? తలుపు వెనకాల ఉంది చూడు" అనేది. ప్రేమతోనే అందించేవాళ్ళం. పడబోయే పిల్లని పట్టుకున్నట్టు పట్టుకునేవాళ్ళం. తను అడగబోయింది గొడుగు కాకపోయినా, ఒక్కోసారి ఆ గొడుగే తీసుకుని వెళ్ళిపోయేది.

ఎర్రటి ఎండలో కూడా.

అలా పదిహేడేళ్ళు.

చిన్నప్పుడు నాలుక మీద తేనె రాశాం. నోట్లో గులకరాళ్ళు పెట్టి చదివించమని ఎవరో చెబితే అదీ చేశాం. ఒక రాయి మింగింది. మొక్కని దేవుడు లేడు. పెద్దయితే అదే పోతుందన్నారు. పెద్దదయింది. అదీ తనతో పాటే పెద్దదయింది.

ఒక్క చోట మాత్రం ఉండేది కాదు.

పొద్దున్నే దీపం ముందు ముగ్గురం కలిసి ప్రార్థన చెప్పుకుంటాం. అక్కడ మా అమ్మాయి గొంతు ఏరులా సాగిపోయేది. ఒక్క రాయి అడ్డు రాదు. ఒక్క సుడి ఉండదు. నేను కళ్ళు మూసుకుని, చెప్పడం ఆపి, ఆ గొంతునే వినేవాణ్ణి.

ఇది నీ దయ, స్వామీ, అనుకునేవాణ్ణి.

నీ ముందు తడబడని నాలుక మా ముందు ఎందుకు తడబడుతోందని మాత్రం అడగలేదు. అడిగి ఉండాల్సింది.

తనకి నర్సు కావాలని ఉండేది. మా అమ్మ మంచాన పడ్డ నాలుగు నెలలూ చేసింది తనే. ఒళ్ళు తుడిచింది, పక్కకి తిప్పింది, పుండ్లు కడిగింది. మా అమ్మ కూడా చివర్లో మాట పోయి "ఊ... ఊ..." అనేది. మాకెవరికీ అర్థమయ్యేది కాదు. మనవరాలు మాత్రం మంచం పక్కన కూర్చుని, ఆ ఊ పూర్తయ్యేదాకా ఆగేది. ఆగి, మంచినీళ్ళు తెచ్చేది. లేదా కిటికీ తెరిచేది. ఎప్పుడూ తప్పు పోలేదు.

నర్సింగ్ కాలేజీకి మార్కులు సరిపోయాయి. మిగిలింది నోటి పరీక్ష. ముగ్గురు కూర్చుంటారు. ఐదు నిమిషాలు.

మాట ఇబ్బంది ఉన్నవాళ్ళకి పది నిమిషాలిస్తారట. ఆ సంగతి ముందే ఆ ముగ్గురికీ చెబుతారట. దానికి డాక్టరు కాగితం కావాలి. అప్పుడు తీసుకెళ్ళాం, మొదటిసారి, మాటల డాక్టరమ్మ దగ్గరికి.

చిన్న గది. గోడకి పేము కుర్చీ. బల్ల మీద స్టాప్‌వాచీ, చెక్కిన పెన్సిలు. ఆవిడ మా అమ్మాయితో ఒక పేజీ చదివించింది. ఒక బొమ్మ చూపించి కథ చెప్పమంది. మాట ఆగిన చోటల్లా కాగితం మీద ఒక గీత.

ఆ రోజు గీతలు తక్కువే పడ్డాయి. కొన్ని రోజులు అలా తెరిపిగా ఉంటాయి.

"ఇది ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది సార్. ఈ గదిలో విన్నది చాలదు నాకు. ఇంట్లో మాట్లాడింది రికార్డు చేసి పంపండి. భోజనాల దగ్గర ఒకటి, ఫోన్లో ఒకటి, గొడవ పడేటప్పుడు ఒకటి."

"మా ఇంట్లో గొడవలుండవు మేడమ్."

మా అమ్మాయి గోడ వైపు చూస్తూ అంది.

"ఉ... ఉ... ఉంటాయి."

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. గీత పడింది.

ప్రార్థన సంగతి చెప్పాను, కాస్త గర్వంగానే. అక్కడ తడబాటు అస్సలు రాదండీ, అన్నాను. ఆవిడ తలూపింది. కలిసి చెప్పినా, పాడినా, కంఠస్థం వచ్చింది అప్పజెప్పినా చాలామందికి రాదండీ, అంది. రాసుకుంది.

నేను దేవుడి దయ అనుకున్నది ఆవిడ కాగితం మీద ఒక మామూలు లక్షణం.

మూడు రోజులు తనే రికార్డు చేసుకుంది. ఫోను కంచాల పక్కన పెట్టింది. దాచలేదు. ఆ ఆదివారం వాళ్ళ మేనమామ వచ్చాడు. ఆయన నోటికి ఎప్పుడూ తలుపుల్లేవు.

"నీకొచ్చే మొగుడు అదృష్టవంతుడే అమ్మాయ్! నువ్వు తిట్టడం మొదలెట్టి పూర్తి చేసేలోపు ఆఫీసుకెళ్ళి తిరిగొచ్చేస్తాడు."

మా ఆవిడ "నోర్ముయ్ రా" అంది, నవ్వు ఆపుకుంటూ.

మా అమ్మాయి నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. కళ్ళు ఒకసారి మూసింది. మెడ మీద నరం లేచింది.

"తి... తి... తిట్టడానికి... ఒ... ఒక్క అ... అక్షరం చాలు మామయ్యా."

ఆయనకి పొలమారింది.

మొత్తం పంతొమ్మిది నిమిషాలు. ఫోను నా చేతికిచ్చి, ఉన్నదున్నట్టు పంపు నాన్నా, అంది. ఆ మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది. నేను మధ్యలోనే "పంపుతాలే" అనేశాను.

నాది ఫోటో స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోల్లో మొటిమలు తీసేస్తాను. పెళ్ళి వీడియోల్లో దగ్గులు తీసేస్తాను, ముసలాయన ఆవలింత తీసేస్తాను, అలిగి కూర్చున్న ఆడపడుచుని తీసేస్తాను. ఎవరూ అడగరు. అడక్కుండానే చేస్తాను కాబట్టే నా దగ్గరికి వస్తారు.

మధ్యాహ్నం గిరాకీ లేదు. పంపేముందు ఒకసారి విందామని కంప్యూటర్లో వేశాను.

తెర మీద మా అమ్మాయి గొంతు, అలల బొమ్మగా.

మాట ఉన్నచోట గుట్టలు. మాట ఆగినచోట బీడు. గుట్ట... బీడు... బీడు... గుట్ట. అంత బీడు ఉందని నాకు తెలియదు. ఎప్పుడూ నేనే ఏదో ఒకటి నాటేసేవాణ్ణి కదా.

ఒకచోట కోశాను. ఊరికే, చూద్దామని.

రెండు గుట్టలు వచ్చి కలుసుకున్నాయి. అతుకు తెలియలేదు.

ఇంకొకటి కోశాను.

మోసం అనుకోలేదు. దేవుడు సాక్షి. చుట్టాలొస్తే పిల్ల ముక్కు తుడిచి తీసుకొస్తాం కదా... అలాగే అనుకున్నాను. పరాయి ఆవిడ చెవిలో నా కూతురు అలా గింజుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అక్కడక్కడా ఒకటో రెండో ఉంచాను. బొత్తిగా లేకపోతే నమ్మరని.

సాయంత్రానికి పంతొమ్మిది నిమిషాలు పదకొండయ్యాయి.

మామయ్యకి చెప్పిన జవాబు కూడా సాఫు చేశాను. చేసి విన్నాను. చప్పగా ఉంది. నవ్వు రాలేదు. అక్కడైనా నాకు తెలియాల్సింది.

పంపేశాను.

వారానికి రిపోర్టు వచ్చింది. వంద అక్షరాలకి రెండు తడబాట్లు. తేలిక స్థాయి. అదనపు సమయం అవసరం లేదు. చికిత్సకి తీవ్రంగా ఉన్నవాళ్ళు ముందు... మీరు ఆర్నెల్లు ఆగి రండి.

"ఏమండీ, తేలిక అంటే మంచిదేగా?"

"మంచిది కాక?"

ఆ పూట రెండో దీపం వెలిగించాను. సిగ్గు లేకుండా.

మా అమ్మాయి ఆ కాగితం మూడుసార్లు చదివింది.

"నాన్నా... అ... అ... అన్నీ పంపావా?"

"అన్నీ పంపానమ్మా."

ఆ రోజు మా ఇంట్లో ఒక్క తడబాటు లేకుండా వచ్చిన మాట అదొక్కటే.

నోటి పరీక్ష రోజు వసారాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపుకి అద్దం ముక్క ఉంది. అందులోంచి తన వీపు కనిపిస్తోంది. ఎదురుగా ముగ్గురు. వాళ్ళ తలల మీద గడియారం.

నర్సు ఎందుకు కావాలనుకుంటున్నావని అడిగారట.

తన దగ్గర జవాబుంది. ఆ గదిలోకి ఆ రోజు వెళ్ళిన ఎవరి దగ్గరా అంత మంచి జవాబు ఉండి ఉండదు. మా నాన్నమ్మకి చేశాను, అనాలి. అంతే.

వీపు బిగుసుకుంది. భుజాలు లేచాయి.

ముల్లు కదులుతోంది.

ముగ్గురిలో ఒకాయన పెన్నుకి మూత పెట్టాడు. ఒకావిడ దయగా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. అది నా నవ్వే. నోరు కదిపింది, ఏదో మాట అందించింది. ఏ గొడుగు అందించిందో.

మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

తీసుకోలేదు. తన మాట కోసమే నిలబడింది.

గంట కొట్టారు.

బయటికొచ్చి "అయిపోయింది" అంది. ఆ మాట మాత్రం సాఫీగా వచ్చింది. అది వినడానికి గడియారం పెట్టుకుని ఎవరూ కూర్చుని లేరు కదా.

జాబితాలో తన నంబరు లేదు.

అడిగితే గుమాస్తా కాగితం తిప్పి చూపించాడు. 'ప్రశ్నకు జవాబు ఇవ్వలేదు. ఇబ్బంది ఉన్నట్టు పత్రం లేదు.' ఇవ్వలేదు, అని రాశారు. ఇవ్వలేకపోయింది, అని కూడా కాదు.

మళ్ళీ ఆ చిన్న గదికి వెళ్ళాం. మా అమ్మాయే పట్టుబట్టింది. ఆ రోజు తనకి తెరిపి లేదు. డాక్టరమ్మ పేజీ సగం దాకా వచ్చేసరికి గీతలు గీయడం ఆపేసింది. పాత రికార్డింగు తీసి పెట్టింది.

గదిలో మా అమ్మాయి గొంతు. గలగలా. అతుకు లేకుండా.

మా అమ్మాయి విన్నది. చాలా శ్రద్ధగా, వేరే ఊరి అమ్మాయి మాటలు విన్నట్టు విన్నది.

"ఇ... ఇ... ఇది... న్... నేను కాదు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. మా అమ్మాయి తిరగలేదు.

"బాగుచేశానండీ," అన్నాను. నా పనిలో ఆ మాటే అంటాం.

"నేను కొలిచేది అదే కదా సార్, మీరు తీసేసింది." ఆవిడ గొంతు పెంచలేదు. "ఉన్నాయా అవి?"

లేవు. చెత్త ఏరోజుకారోజు ఖాళీ చేసేస్తాను. ఎనిమిది నిమిషాలు. ఊపిరి బిగబట్టి, మెడ నరాలు తెంచుకుని, ఒక్కో గుట్టనీ ఎక్కడానికి నా కూతురు పడ్డ ఎనిమిది నిమిషాలు. తన మాటల్లో తన కష్టం అంతా అక్కడే ఉంది. నేను ఉంచింది మిగతాది.

ఇప్పుడు చికిత్స మొదలైంది. పరీక్ష మళ్ళీ వచ్చే ఏడు. ఆగిపోతే భయపడకుండా, దాచకుండా, మెల్లగా ఆగడం నేర్పుతున్నారు. తనకి రోజూ అరగంట అభ్యాసం. నాకూ ఇచ్చారు. రోజూ పది నిమిషాలు తన ఎదురుగా కూర్చోవాలి. మాట అందించకూడదు. చూపు తిప్పుకోకూడదు. తలూపి తొందరపెట్టకూడదు.

ఇంత చిన్న పని... నాకు చెమటలు పడుతున్నాయి.

ప్రార్థనలో తను ఇప్పుడు పెదవి విప్పడం లేదు. వచ్చి నిలబడుతుంది. దీపం చూస్తుంది. వెళ్ళిపోతుంది. వాళ్ళమ్మ, నేను, ఇద్దరం చెప్పుకుంటాం. ఏరు లేదు. ఒడ్డులు ఉన్నాయి.

స్వామీ, నీకు వినసొంపుగా ఉన్నవే కావాలా? నువ్వూ కోసుకుని వింటావా?

జవాబు రాదు. నేను తొందరపెట్టను. తొందరపెట్టకూడదని నేర్చుకుంటున్నాను.

నిన్న సాయంత్రం పది నిమిషాల్లో, అడగకూడనిది అడిగాను.

"నన్ను క్షమిస్తావా అమ్మా?"

తను నా వైపు చూసింది. పెదవులు విడివడ్డాయి.

నేను నోరు బిగించుకున్నాను. చూపు తిప్పలేదు. తల ఊపలేదు.

మాట ఆగిపోయిందో, తనే ఆపిందో... మెడ వైపు చూశాను, నరం లేచిందేమోనని. దీపం వెలుగు అంతదాకా రాలేదు. పదిహేడేళ్ళు తన మాటలన్నీ నేనే పూర్తి చేశాను. ఈ ఒక్కటి ఏమిటో నాకు తెలియడం లేదు.

తన పెదవుల్లోంచి గాలి వస్తోంది.

గాలి మాత్రమే... ఇంకా...