రబ్బరు కర్రతో కొలిచిన అడవి

కాంతయ్య చేసిన తప్పులన్నీ ఆయన భార్య రత్నావతికి పెళ్లయిన నాటి నుంచీ వరసగా గుర్తే. పంచదార అనుకుని ఉప్పు తెచ్చిందీ, మేనల్లుడి పెళ్లికి ఒక రోజు ముందే వెళ్లి ఖాళీ పందిట్లో కూర్చున్నదీ, అన్నీ. ఒక్క చెట్ల విషయంలో మాత్రం ఆమె కూడా మొగుణ్ణి వేలెత్తి చూపింది లేదు. ఆ మాటకొస్తే మలేషియాలోని ఆ తెలుక్ ఇంటాన్ ఊరి చుట్టుపక్కల ఎవరూ చూపలేదు.

ఊరికి గంట దూరంలో కొండ అడవి ఉంది. అందులో కొంత మేర హద్దురాళ్లు పాతి, పిడికిలి కన్నా లావైన ప్రతి చెట్టుకూ నంబరున్న రేకు బిళ్ల కొట్టారు. ఐదేళ్లకోసారి అడవి ఆఫీసు వాళ్లు వచ్చి ఏ చెట్టు ఉంది, ఏది పోయింది, ఉన్నది ఎంత లావెక్కింది అని టేపు చుట్టి రాసుకుంటారు. ఎనభై తొమ్మిదిలో మొదలైన ఆ పని ఇప్పటికి ఎనిమిదిసార్లు జరిగింది. ఎనిమిదిసార్లూ టేపు పట్టింది కాంతయ్యే. ఆఫీసర్లు వచ్చారు, బదిలీ మీద పోయారు. కాంతయ్య రక్తం మాత్రం అక్కడి జలగలకు తరతరాలుగా అలవాటు.

మొదటిసారి రెండు వేల పైచిలుకు చెట్లుంటే మొన్నటి కొలతకు పదహారు వందలు మిగిలాయి. ఇది విని కాఫీ కొట్లో ఎవరైనా అడవి చచ్చిపోతోందని నిట్టూర్చారంటే కాంతయ్యకు ఒళ్లు మండేది. చెట్లు తగ్గాయి గానీ అడవి తగ్గలేదని, పెద్ద మెరంతి చెట్టు కొమ్మలు చాపితే దాని కింద ఎండ కోసం నిలబడ్డ పది సన్న చెట్లలో ఏడెనిమిది ఎండిపోతాయని, ఆ ఖాళీలో మిగిలినవి ఒళ్లు చేస్తాయని, పిల్లలు ఎదిగిన ఇంట్లో మంచం చాలనట్టే ఇదీ అని ఎదుటివాడి టీ చల్లారేదాకా చెప్పేవాడు. పోయిన చెట్ల నంబర్లు కూడా చెప్పేవాడు. వినేవాళ్లకు సరిగ్గా అప్పుడే బస్సు టైము గుర్తొచ్చేది.

అడవి ఆఫీసులో సుగుమారన్ అనే మంచివాడు ఒకడున్నాడు. ఈ ఏడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. శనివారం నాడు అడవి ముంగిట చిన్న సభ పెట్టి, ఆ కొలతల అడవికి కాంతయ్య పేరు పెట్టి, బోర్డు నిలబెడతామన్నాడు. నాకెందుకయ్యా ఇవన్నీ అని కాంతయ్య పైకి అన్నాడు గానీ, ఆ వారంలో మూడుసార్లు అదే తెల్లచొక్కాను ఇస్త్రీ చేయించాడు.

ఆ వారమే తన్మయి వచ్చింది. వరంగల్ పిల్ల. కౌలాలంపూర్‌లో అడవుల మీద పరిశోధన చేస్తోంది. పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఏడాదిగా ఆ అంకెలతోనే కాపురం చేస్తోంది. కాంతయ్య తెలుగు ఆమెకు ముచ్చట, ఆమె తెలుగు కాంతయ్యకు ఎక్స్‌ప్రెస్ బండి. అయినా వచ్చిన పూటే తాతా అని పిలిచి, రత్నావతి పోసిన దోసెలు ఆరు తిని ఇంటి మనిషైపోయింది. చెయ్యి కడుక్కుని వచ్చి లాప్‌టాప్ తెరిచి ఒక గీత చూపించింది.

చెట్లు లావెక్కిన తీరు అది. మొదటి ఐదేళ్లు గీత హుషారుగా పైకెక్కింది. తొంభై నాలుగు దగ్గర ఎవరో భుజం నొక్కి కూర్చోబెట్టినట్టు వంగి, అక్కణ్ణుంచి ఇప్పటిదాకా నిదానంగా నడిచింది. చెట్లు కిక్కిరిసి ఉన్న రోజుల్లోనే అవి పావు వంతు ఎక్కువ వేగంతో పెరిగాయన్నమాట. ఇలా జరుగుతుందని ఎవరూ అనుకోలేదని, తమ ప్రొఫెసర్‌కు రెండు రోజులుగా కాలు నిలవడం లేదని, శనివారం సభలో తను చెప్పబోయేది ఇదేనని తన్మయి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కారణం ఒక్కటి దొరకాలట.

"ఆ ఐదేళ్లల్ల ఏమైంది తాతా? అప్పటి సంది ఉన్నది మీరొక్కరే."

కాంతయ్య తొంభై నాలుగు దగ్గరి వంపు చూశాడు. ఏమైందో ఆయనకు చూడగానే తెలిసిపోయింది.

కాంతయ్య పుట్టి పెరిగింది రబ్బరు తోటలో. చెట్టు పాలు గీయడానికి పనికొస్తుందా రాదా అని తోటల్లో టేపు చుట్టి చూస్తారు. చెట్టు మొదట్లో నూట యాభై సెంటీమీటర్ల కర్ర ఆనించి, దాని కొస దగ్గర చుట్టుకొలత తీస్తారు. ఆ పనిలో కాంతయ్య దిట్ట. ఎనభై తొమ్మిదిలో రబ్బరు కొట్టేసి పామాయిలు వేస్తున్నప్పుడు పని పోతే, అడవి ఆఫీసు తీసుకుంది. వాళ్లు నూట ముప్పై సెంటీమీటర్ల కర్ర చేతికిచ్చి ఆ ఎత్తున కొలవమన్నారు. కాంతయ్యకు నవ్వొచ్చింది. చెట్టును ఎక్కడ కొలవాలో ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునేవాళ్లు తనకు చెప్పడమా? పాపం, కర్రను పొరపాటున పొట్టిగా నరికారు కాబోలని పెద్దమనసుతో క్షమించాడు. దాన్ని రత్నావతి చిక్కుడు పాదుకు ఊతంగా పాతేసి, తన రబ్బరు కర్రతోనే రెండు వేల చెట్లూ కొలిచేశాడు.

తొంభై నాలుగులో వచ్చిన కొత్త ఆఫీసరు మాత్రం తన కర్ర తనే తెచ్చుకున్నాడు. పక్కనే నిలబడి ప్రతి చెట్టుకూ నూట ముప్పై దగ్గర పసుపు పట్టీ వేయించాడు. అప్పటి నుంచి టేపు ఆ పట్టీ మీదే. కిందికి వచ్చేకొద్దీ చెట్టు లావుంటుంది కదా, టేపు జానెడు దిగేసరికి చెట్లన్నీ ఉత్తపుణ్యానికి లావైపోయాయి. అడవి ఆ ఐదేళ్లూ ఏ వింతా చేయలేదు. చేసింది కాంతయ్య. పాత అంకెల్ని కొత్త అంకెల పక్కన పెట్టి ఎవరో ఒకనాడు గీత గీస్తారని ఆయనకు ఏనాడూ తట్టలేదు.

"వానలమ్మా," అన్నాడు, మలేషియా వాళ్ల అలవాటుగా చివర ఒక లా తగిలించి. "ఆ అయిదేళ్లూ వానలు బాగా పడినాయి లా."

తన్మయి సంబరంగా రాసుకుని వెళ్లింది. బుధవారం ఫోన్ చేసింది. వాతావరణం వాళ్ల రికార్డులు చూసిందట, ఆ ఐదేళ్లూ మామూలు వానేనట. కాంతయ్య ఈసారి అడవి పందుల్ని రంగంలోకి దించాడు. అప్పట్లో పందులు మందలుగా వచ్చి నేలంతా కుళ్లగించేవని, దాంతో వేళ్లకు గాలాడిందని చెప్పాడు. గురువారం మళ్లీ ఫోన్. ప్రొఫెసర్‌కు పందులు తెగ నచ్చాయి, ఎన్ని ఉండేవో అడగమన్నాడట. నలభై అనేశాడు కాంతయ్య. మరీ అబద్ధమైపోతుందని భయమేసి, ముప్ఫై ఎనిమిదికి దించాడు.

ఇదంతా రత్నావతి కూర తరుగుతూ వింది. ఫోన్ పెట్టేయగానే కత్తిపీట పక్కన పెట్టింది.

"ఏటండీ ఆ పందులు? ఇన్నేళ్లలో ఒక్క పంది ఊసు నాకాడ ఎత్తినారు కాదు."

దాచి లాభం లేదని కాంతయ్య కర్ర సంగతంతా చెప్పాడు. చిక్కుడు పాదుకు పాతిన ఆఫీసు కర్ర ఆమెకు బాగానే గుర్తుంది. ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి ఈసారి నవ్వలేదు. నిజం చెప్పమంది. చెబితే పరువేం కావాలి, శనివారం బోర్డెక్కే పేరు శుక్రవారం బురదలో పడాలా అని కాంతయ్య గొణిగాడు. ముప్ఫై ఆరేళ్లుగా తనకున్నది ఆ పేరొక్కటే అన్నాడు.

"మీ పేరు సరే. మనింట్లో తిన్న పిల్ల, ఎల్లుండి నలుగురిలో మీ పందుల్ని నమ్ముకుని నిలబడతాది. అది సూసుకోండి," అంది రత్నావతి.

శుక్రవారం పొద్దున్నే అతిథుల్ని తీసుకెళ్లే దారి చూడటానికి తన్మయి అడవికి వచ్చింది. కాంతయ్య ఆమె వెంట నడిచాడు. మొదటి మెరంతి దగ్గర చెబుదామనుకున్నాడు, చెప్పలేదు. వాగు దాటాక అనుకున్నాడు, దాటాక జలగలు తీసుకునే పని పడింది. చివరికి నాలుగు వందల పదిహేడో నంబరు చెట్టు దగ్గర ఆగిపోయాడు.

"పందుల్లేవమ్మా," అన్నాడు. "వానా లేదు. నానే తప్పు సేసినాను."

పసుపు పట్టీ మీద ఒక చెయ్యి పెట్టి, జానెడు పైన రెండో చెయ్యి పెట్టి, మొదటి కొలత ఎక్కడ తీశాడో చూపించాడు. ఎందుకలా తీశాడో కూడా చెప్పాడు. తన్మయి అక్కడే ఒక వేరు మీద కూర్చుండిపోయింది. ఏడాది కష్టం ఆ పిల్లది. కాంతయ్యకు సిగ్గుతో ఆ చెట్ల కేసి తలెత్తి చూడబుద్ధి కాలేదు. తిట్టినా బాగుండుననిపించింది.

కూర్చున్నచోటి నుంచే ఆమె ఒకటే అడిగింది. అన్ని చెట్లకూ అదే కర్రా, ఒక్కదానికైనా వేరే ఎత్తున కొలిచారా అని. అంత సిగ్గులోనూ కాంతయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"తప్పంటే తప్పే. అయితే ఒక్క సెట్టు కాడా దొంగకొలత లేదు. అన్నిటికీ అదే కర్ర, అదే ఎత్తు."

అయితే దిద్దుకోవచ్చని తన్మయి లేచింది. ఇప్పుడు రెండు ఎత్తుల్లోనూ టేపు చుట్టి తేడా ఎంతో చూస్తే, ఆ మేరకు పాత అంకెల్ని సరిచేయొచ్చట. ఇంకో ఆరు నెలల పని. శనివారం చెబుదామనుకున్న వింత ఎలాగూ పోయింది. ప్రొఫెసర్‌కు పందుల సంగతి ఎలా చెప్పాలో తెలియడం లేదంటూనే ఆమె పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. అందులో నవ్వెంతో, ఏడుపెంతో కాంతయ్య అడగలేదు.

సాయంత్రం దాకా ఇద్దరూ రెండు వందల చెట్లు కొలిచారు. ఆయన అంకె చెబితే ఆమె తిరిగి చదివేది. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో వేసి చూస్తే గీతలో హుషారు ఎగిరిపోయింది. ఇరుకుగా ఉన్నప్పుడు చెట్లు నిదానంగా పెరిగాయి. కొన్ని పోయి చోటు దొరికాక, మిగిలినవి కాస్త కాస్తగా పుంజుకున్నాయి. కాఫీ కొట్లో కాంతయ్య ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నది ఇదే. దాన్ని కాదంటూ వచ్చింది ఆయన సొంత రిజిస్టరు ఒక్కటే.

శనివారం సభకు నలభై మంది దాకా వచ్చారు. తన్మయి తను చెబుతానంది గానీ కాంతయ్య మైకు ఆమెకివ్వలేదు. తమిళంలో ఒకసారి, మలయ్‌లో ఒకసారి, తన తప్పు తనే చెప్పాడు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియక, ఎవరూ కొట్టలేదు. తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయింది.

గుడ్డ కప్పిన బోర్డు పక్కన సుగుమారన్ ఇబ్బందిగా నిలబడి ఉన్నాడు. దగ్గరికి వచ్చి, రంగు ఆరలేదని చెప్పి బోర్డును ఇంకో రోజుకు వాయిదా వేద్దామని మెల్లగా అన్నాడు. కాంతయ్య గుడ్డ ఎత్తి చూశాడు. పలకంతటా తన పేరే, జానెడు అక్షరాల్లో. ఎంత కావాలనిపించిందో ఆయనకే తెలుసు. సరే, వాయిదా వెయ్యి అనబోయాడు కూడా. అప్పుడు ఇంకో యాభై ఏళ్లకు ఇక్కడ టేపు పట్టబోయే ఎవరో గుర్తొచ్చారు. వాళ్లు ఆ పాత రిజిస్టరు తెరుస్తారు. చెప్పడానికి అప్పటికి తనుండడు.

బోర్డు రాసిన అప్పలసామి కుంచెలు సర్దుకుంటున్నాడు. కాంతయ్య అతన్ని పిలిచి, పేరు కింద ఇంకో వరస రాయమన్నాడు. మొదటి కొలత నూట ముప్పై దగ్గర కాదు, నూట యాభై సెంటీమీటర్ల ఎత్తున తీసినది, అని. అప్పలసామి పలక చూసి, మొహమాటంగా, అడుగున చిన్న అక్షరాల్లో కనీకనపడనట్టు రాసేస్తానన్నాడు.

"సిన్నవెందుకు?" అన్నాడు కాంతయ్య. "నా పేరెంతుందో అదీ అంతే రాయి."