గొట్టం చుట్టే చక్రం

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ఆ అద్దం ఎవరు కడిగారో మనలో ఎందరం ఆలోచిస్తాం? మురికిగా ఉంటే తిట్టుకుంటాం, శుభ్రంగా ఉంటే మాట్లాడం. అలాంటి అద్దాలు కడిగే ఒక షెడ్డులో జరిగిన సంగతి ఇది.

ఊరి చివర ఉన్న ఆ రేకుల షెడ్డులో బస్సులు వరసల్లో నిలబడేవి. ఒక్కో వరసకు ఇద్దరు మనుషులు. మగవాడు గొట్టం మూతి పట్టుకుని కడుగుతాడు. వెనకాల ఒక ఆడమనిషి నీళ్లతో నిండిన ఆ రబ్బరు గొట్టాన్ని భుజానేసుకుని, మెలికపడకుండా, టైర్ల కింద చిక్కకుండా బస్సు చుట్టూ ఈడుస్తుంది. ఆ ఆడవాళ్లను యజమాని 'తోకలు' అనేవాడు. "నీ తోక ఏదిరా?" అని మగవాళ్లను అడిగి, తన మాటకు తనే పడీపడీ నవ్వేవాడు. మగవాళ్లూ నవ్వేవాళ్లు. నవ్వకపోతే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

అక్కడ పనిచేసే ఒకతణ్ణి అందరూ మరమ్మతు అని పిలిచేవారు. పంపు మొరాయించినా, గొళ్లెం ఊడినా అతని చెయ్యి పడితే దారికొచ్చేది. అతని వెనకాల గొట్టం ఈడ్చేది అతని భార్యే. మొగుడు పోయి వాళ్లింట్లోనే ఉంటున్న ఆమె అక్క పక్క వరసలో ఈడ్చేది.

ఒకనాడు భార్య తడినేల మీద జారి గొట్టంతో సహా పడిపోయింది. "లేవలేకపోతే పక్కకి లాగండి, బస్సు రావాలి" అని యజమాని అరిచాడు. ఆమె లేచింది. ఇంటికొచ్చాక మాత్రం నొప్పితో నడుం కూడా వాల్చలేకపోయింది.

"నీ నడుం సంగతి నేను చూస్తాగా" అన్నాడు మరమ్మతు.

"నువ్వేమన్నా డాక్టరువా?" అంది మూలుగుతూనే.

షెడ్డు వెనక పాత ఇనుము గుట్టగా పడి ఉండేది. మరమ్మతు మధ్యాహ్నం అన్నం మానేసి అందులో వెతికేవాడు. రెండు సైకిల్ రిమ్ములను ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యలో బస్సు సీట్ల కడ్డీలు అతికించి డోలులాంటిది చేశాడు. దానికి ఇరుసుగా నీళ్ల పైపు పెట్టి, అరిగిన బేరింగుల మీద నిలిపాడు. డోలు తిరుగుతుండగానే ఇరుసులోంచి నీళ్లు గొట్టంలోకి వెళ్లాలి. చిక్కంతా అక్కడే వచ్చింది. మొదటిసారి పంపు వేయగానే అతుకు దగ్గర నీళ్లు చిమ్మి అతని ముఖాన కొట్టాయి.

"బస్సు కడగమంటే మొహం కడుక్కుంటున్నావేం మరిదీ?" అంది వదిన.

పాత ట్యూబు ముక్కలు కోసి వాషర్లు వేశాడు. బిగిస్తే తిరగలేదు, వదిలితే కారింది. విసుగు లేకుండా సరిచేసి చివరికి చుక్క కారకుండా ఆపాడు. తిప్పడానికి ఒక పాత స్టీరింగు బిగించాడు. కావలసినంతే గొట్టం లాగాలి, పనయ్యాక స్టీరింగు తిప్పితే తిరిగి చుట్టుకుంటుంది. నేల మీద మెలికలు లేవు. భుజాన బరువు లేదు.

భార్య స్టీరింగు పట్టుకుని, "హారన్ పెట్టడం మర్చిపోయావయ్యా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి మరమ్మతుకు కడుపు నిండింది.

యజమాని వచ్చి ఒక బస్సు కడిగేదాకా నిలబడి చూశాడు. మరమ్మతు వీపు తట్టాడు.

"బుర్రంటే నీది! ఇక నువ్వొక్కడివి చాలుగా?"

"చాలు సార్" అన్నాడు మరమ్మతు గర్వంగా.

"అయితే రేపట్నుంచి మీ ఆవిడ రానక్కర్లేదు."

మరమ్మతు స్టీరింగు వదిలేశాడు. "సార్, ఆవిడ సుఖపడుతుందనే చేశాను."

"ఇంట్లో కూర్చోవడం కంటే సుఖమేముందిరా? మిగతా వరసలకూ ఇలాంటివే చెయ్యి. చెయ్యనంటే, దీన్ని చూసి చేసేవాడు దొరుకుతాడు. అప్పుడు నువ్వూ సుఖపడొచ్చు."

ఇంట్లో భార్య బతిమాలింది. "చెయ్యకయ్యా. అక్క పని కూడా పోతుంది."

"నేను కాకపోతే ఇంకొకడు చేస్తాడు. ముగ్గురం కూర్చుంటే పొయ్యెలా వెలుగుతుంది?"

వదిన అంతా విని, "చేసెయ్ మరిదీ. కానీ ఆ ఆడవాళ్లకి ముందే నీ నోటితో చెప్పు" అంది.

అతను చెప్పలేదు. ఎవరి కళ్లూ చూడకుండా తల వంచుకుని చక్రాలు చేశాడు. ఆఖరిది బిగించగానే యజమాని ఆడవాళ్లందరినీ పిలిచి, "తోకలు కత్తిరించేశామమ్మా, ఇక వెళ్లండి" అన్నాడు. ఈసారి మగవాళ్లు నవ్వలేదు. మాట్లాడనూ లేదు. వెళ్తూ వెళ్తూ ఒకావిడ మరమ్మతు కాళ్ల ముందు ఉమ్మింది.

అక్కచెల్లెళ్లకు ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోసే పని తప్ప ఇంకేదీ దొరకలేదు. గొట్టం మోయలేని నడుం ఇటుకల తట్టతో మెట్లెక్కింది. ఒక సాయంత్రం, మెట్ల మీద కూలిపోయిన చెల్లెల్ని వదిన తోపుడుబండి మీద ఇంటికి తెచ్చింది. కాళ్లలో స్పర్శ లేదు. ఇక లేచి నడవడం కష్టమన్నాడు డాక్టరు.

మరమ్మతు సుత్తి తీసుకుని గుమ్మం దాటబోయాడు.

"ఎక్కడికి?" అంది భార్య మంచం మీంచి.

"ఆ చక్రాన్ని ముక్కలు చేస్తా."

"దాని మీదెందుకు కోపం? నా బరువు దించింది అదొక్కటే. నన్ను పొమ్మన్నప్పుడు మీ మగాళ్లంతా అక్కడే ఉన్నారుగా. కడిగే చేతులన్నీ ఒక్క పూట ఆగి, 'మా ఆడవాళ్లకి వేరే పని చూపించండి' అంటే, ఆయనొచ్చి కడుక్కునేవాడా బస్సులు? నాకు పని పోయినప్పుడు వాళ్లు నోరెత్తలేదు. వాళ్ల ఆడవాళ్లకి పోతున్నప్పుడు నువ్వు నట్లు బిగిస్తున్నావు."

మరమ్మతు సుత్తి కింద పెట్టి గుమ్మంలోనే కూలబడ్డాడు. వదిన చెల్లెలి చచ్చుబడ్డ పాదాలు ఒళ్లో పెట్టుకుని, అతని వైపు చూడకుండానే అంది.

"పని తేలిక చేసేటప్పుడు ఆ తేలిక ఎవరికి దక్కాలో ముందే అందరూ కలిసి అడగాలి మరిదీ. అడగకపోతే అది బలిసినవాడికే పోతుంది."