ముదురెరుపు చెయ్యి

చిక్కడపల్లిలో సహృదయ సేవా క్లబ్బు వారు పేద విద్యార్థులకు ఉచితంగా టైపింగ్ నేర్పేవారు. పూర్తిగా ఉచితమంటే ప్రెసిడెంటు కిషన్ రావు గారికి మనసొప్పదు. అందుకని, వారమంతా టైపు కొట్టుకున్న అమ్మాయిలు ఆదివారం మధ్యాహ్నం వచ్చి బోస్నియా పిల్లలకు స్వెట్టర్లు అల్లాలని నియమం పెట్టారు. బోస్నియా ఎక్కడుందో సగం మందికి తెలియదు. అక్కడ యుద్ధమనీ, చలనీ మాత్రం తెలుసు.

అల్లిక నేర్పేది రాజకుమారి గారు. రిటైరైన టీచరు, వీపు కాస్త గూని. చలికాలం వస్తే చాలు, ఎప్పుడూ అదే ముదురెరుపు స్వెట్టర్‌లో అశోక్ నగర్ నుంచి నడుచుకుంటూ వచ్చేవారు.

"ఎన్ని కుట్లు వెయ్యాలె మేడం?" అని కొత్తవాళ్లు అడిగితే, "ఎన్నన్నా వెయ్యి బిడ్డా. ఎవరు తొడుక్కుంటరో వాళ్ల కొలతకే వస్తది" అనేవారు.

అలాగే వచ్చేది. మూడు నెలలకు అక్కడి అనాథాశ్రమం నుంచి ఫోటో వచ్చేది. ఒక్క స్వెట్టరూ ఎవరికీ వదులు కాలేదు, బిగుతు కాలేదు. అప్పుడప్పుడు ఒక చెయ్యి అల్లబోతే ఊలు సూది మీద నిలిచేది కాదు, జారిపోయేది. కిషన్ రావు గారు 'ఎడమ చెయ్యి లేదు' అని చీటీ రాసి, గుండుసూదితో గుచ్చి పెట్టెలో వేసేవారు. ఫోటోలో ఎడమ చెయ్యి లేని పిల్లా ఉండేది, ఆ స్వెట్టర్లోనే.

ఒక్కటే కట్టుబాటు. అల్లింది విప్పకూడదు. ఒకసారి ఒకమ్మాయి వంకరగా వచ్చిందని స్వెట్టరు మొత్తం విప్పేసింది. ఆసారి ఫోటోలో పిల్లలు బెంచీ మీద ఒకరు పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు.

జ్యోత్స్న హుస్నాబాద్ పక్క పల్లె నుంచి వచ్చి అశోక్ నగర్ హాస్టల్లో ఉండేది. మూడేళ్లు చదివి సర్కారు టైపిస్టు ఉద్యోగానికి రాత పరీక్ష పాసైంది. డిసెంబరులో టైపింగ్ పరీక్ష ఒక్కటే మిగిలింది. నవంబరులో ఆమె మొదలుపెట్టిన బూడిదరంగు స్వెట్టరు పెరుగుతూ పోయింది. పిల్లలది కాదు, పెద్దమనిషిది. దాని ఎడమ భుజం ఒక అంగుళం కిందికి జారింది. చిన్నప్పుడు బండి మీంచి పడి జ్యోత్స్న ఎడమ భుజమూ అలాగే ఉంటుంది. ఎడమ చెయ్యి వచ్చింది. కుడి చెయ్యి నాలుగుసార్లు అల్లితే నాలుగుసార్లూ జారిపోయింది.

కిషన్ రావు గారు చీటీ తీసుకొచ్చి, స్వెట్టరు వంకా జ్యోత్స్న వంకా చూసి, పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు.

"మేడం, ఇది నాదే గద?" అంది జ్యోత్స్న. "చెయ్యి లేకుంటే టైపు ఎట్ల కొడ్త? జర విప్పేద్దాం మేడం."

"విప్పుతవా? బెంచీ మీద ఖాళీ జాగా మర్శినవా?" అంటూ రాజకుమారి గారు స్వెట్టరు మడిచి సంచిలో పెట్టుకున్నారు.

తర్వాతి ఆదివారానికి దానికి కుడి చెయ్యి ఉంది. ముదురెరుపు చెయ్యి.

"ఇంట్ల పాత ఊలు కొంచెం ఉండె," అన్నారావిడ. "పరీక్ష అయ్యేదాంక ఇది తియ్యకు."

ఆ రోజు ఆవిడ స్వెట్టరు వేసుకోలేదు, శాలువా కప్పుకొచ్చారు. చాయ్ గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నారు. జ్యోత్స్న రెండూ చూసింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందో ఆమెకు తెలుసు. ఆమెకు చెయ్యి కావాలి. అడగలేదు.

పరీక్ష పొద్దున నారాయణగూడ చౌరస్తాలో ఆటో కుడివైపుకు బోల్తాపడి, ఆమెను రోడ్డు మీద ఈడ్చుకుపోయింది. లేచి చూసుకుంటే ఎర్ర చెయ్యి భుజం దాకా పీలికలైంది. లోపల చర్మం మీద గీత కూడా లేదు. దుమ్ము దులుపుకుని ఇంకో ఆటో ఎక్కింది. ఆ రోజు కొట్టినంత వేగంగా ఎన్నడూ టైపు కొట్టలేదు.

తర్వాత మూడు ఆదివారాలు రాజకుమారి గారు రాలేదు. "కుడి చెయ్యి పడిపోయిందంట. డాక్టర్లకు ఏం సమజ్ అయితలేదంట," అన్నారు కిషన్ రావు గారు, ఎవరి మొహమూ చూడకుండా.

సంక్రాంతి దాటాక ఉద్యోగం కాగితం వచ్చింది. ఇక టైపింగుకు రానక్కర్లేకపోయినా జ్యోత్స్న ఆదివారం వచ్చి కొత్త స్వెట్టరు మొదలుపెట్టింది. చిన్నపిల్లది రావాలని దేవుడికి మొక్కుకుంటూ అల్లింది. అది పెద్దదైంది. వీపు దగ్గర గూని పట్టేంత ఉబ్బింది. కుడి చెయ్యి అల్లడం మొదలెట్టగానే ఊలు జారిపోయింది. రెండోసారి ప్రయత్నించలేదు.

కిషన్ రావు గారు చీటీ ముందు పెట్టారు.

"వద్దు సార్. ఇల్లు నాకు ఎర్కే."

రాజకుమారి గారు తలుపు తీసి, ఆ స్వెట్టరు చూశారు. ఎవరికని అడగలేదు. ఎడమ చెయ్యి దూర్చి తొడుక్కున్నారు. సరిగ్గా సరిపోయింది.

"నౌకరి వచ్చిందా?"

"వచ్చింది మేడం." జ్యోత్స్నకు ఏడుపు ఆగలేదు. "నాకప్పుడే తెలుసు మేడం. తెలిసి కూడ అడగలే."

"నువ్వు తెలిసే అడగలేదని నాకు గూడ తెలుసు," అన్నారావిడ. ఆ మాటలో కోపం లేదు, ఓదార్పూ లేదు. "గుండీలు నాతోని అయితలేవు. జర పెట్టు."

జ్యోత్స్న కుడి చేత్తో ఒక్కొక్క గుండీ పెట్టింది.