గేటు చూడని మనిషి

పాంటు నాడా బిగించి ముడేసుకుని, ప్లాస్టిక్ గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ గడప మావయ్య అద్దంలోకి తొంగి చూశాడు. బెల్టు లేదు, గడియారం లేదు, ఉంగరం లేదు, కాళ్ళకు గుడ్డ బూట్లు. ఇనుప ముక్కన్నది ఒంటి మీద లేకుండా పనికి పోవడం అతనికి మూడేళ్ళుగా అలవాటు. మెడలో తాడుకు వేలాడే స్టీలు ఈల ఒక్కటే ఉంది. దాన్నీ అక్కడికి వెళ్ళగానే తీసి ట్రేలో పెట్టేస్తాడు. పైనున్న ఇనుమైతే తీసి పక్కన పెట్టొచ్చు గానీ, లోపలున్నదాన్ని ఏం చేస్తాడు పాపం? ఎడమవైపు పక్కటెముకల వెనక, గుండెకు వేలెడు దూరంలో, అతనికొక తూటా ఉంది.

మనిషి ఆజానుబాహుడు. ఒకప్పుడు గుమ్మాన్ని నింపేసిన భుజాలు ఇప్పుడు కాస్త వాలాయి. మెడ మీద ముడతలు, కనుబొమల్లో తెలుపు, ఈత చాపల్లాంటి అరచేతులు. వయసొచ్చినప్పటి నుంచీ ఒకటే పని: ఊరి నడిబొడ్డున కుర్రకారు డాన్సు చేసే క్లబ్బు దగ్గర కాపలా. లోపలికి పోయి ఒక్క పాట నిలబడి విన్నది లేదు, బయటికి పోయి తీరిగ్గా ఒక్క టీ తాగిందీ లేదు. అందుకే గడప అని పేరు పెట్టారు. మేనకోడలు అదే క్లబ్బులో బారు దగ్గర పనికి చేరి, నలుగురిలో మావయ్యా అని పిలిచాక, గడప కాస్తా గడప మావయ్య అయ్యాడు. మేనేజరు దగ్గర్నుంచి ఊడ్చే ఆవిడ దాకా అందరికీ మావయ్యే. ఊడ్చే ఆవిడ అతని కన్నా పెద్దది, అయినా సరే.

తూటా కథ ఆ వీధిలో అందరికీ తెలిసిందే. తాగి రభస చేస్తున్నాడని బయటికి గెంటిన ఒకడు, కాసేపటికి కోటు లోపలి జేబులో తుపాకీ పెట్టుకుని, గుంపులో కలిసిపోయి తిరిగొచ్చాడు. అప్పట్లో గుమ్మంలో ఏ తనిఖీ లేదు. డాన్సు చేస్తున్న ఇద్దరు పిల్లలు అక్కడే ప్రాణాలొదిలారు. అడ్డం పడబోయిన గడప మావయ్యకు మూడో తూటా తగిలింది. తియ్యబోతే ప్రాణం మీదికొస్తుంది, వదిలేస్తే దాని మానాన అది ఉంటుంది, బరువులెత్తకు, కంగారు పడకు అన్నారు డాక్టర్లు. బరువులెత్తడం మానేశాడు. కంగారు సంగతి ఎవరి చేతుల్లో ఉంది?

"అన్నయ్యా, భోంచేసి పో," అంది చెల్లెలు వంటింట్లోంచి. మొగుడు పోయాక కూతుర్ని తీసుకుని అన్న పంచకే వచ్చిందామె. కూతురు ముందే పనికి వెళ్ళిపోయింది.

"ఆకలి లేదే. చెయ్యి పొద్దుట్నుంచీ తిమ్మిరిగా ఉంది. సరిగ్గా పడుకోలేదనుకుంటా."

"మరి ఈపూటకి మానెయ్యరాదూ?"

"నేను మానేస్తే గుమ్మంలో ఎవడుంటాడు?"

ఆవిడ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. "దాన్ని ఇంకెక్కడన్నా పనిలో పెట్టించమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను. అన్నీ తెలిసి ఆడపిల్లని అక్కడికే పంపడం, కొరివితో తల గోక్కోవడం కాక మరేంటి?"

"నేను గుమ్మంలో ఉండగా దానికేమీ కాదు. చెప్పానుగా."

"ఆ ఒక్క మాట మీదే పంపిస్తున్నాను. గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకోవడమేంటి, అతనికి వేరే ఆలోచనే లేదు. తల ఊపి చెప్పుల స్టాండు పక్కనుంచి బయటికి నడిచాడు.

ఆ రోజు మొదట్నుంచీ ఏదో తేడాగానే ఉంది. మెట్ల మీద పక్కింటి పెద్దాయన ఎదురయ్యాడు. రోజూ నిలేసి రాజకీయాలు మాట్లాడే మనిషి, పలకరిస్తే పలక్కుండా గోడ వారగా దిగిపోయాడు. స్టాపులో చెయ్యెత్తితే బస్సు ఆగలేదు. ఆ డ్రైవరు తెలిసినవాడే. అద్దంలోంచి సూటిగా ఇటే చూశాడు. మావయ్య వెనకున్న గోడను చూసినట్టు చూశాడు. వీడికి కళ్ళు నెత్తికెక్కినట్టున్నాయి అనుకుని నడక మొదలెట్టాడు గడప మావయ్య. నడుస్తుంటే ఎడమ చెయ్యి తనది కానట్టు పక్కన వేలాడుతోంది.

పగటిపూట ఆ క్లబ్బును చూస్తే ఎవరికైనా దిగులు పుడుతుంది. రాత్రి రంగుల దీపాల కింద కనబడని నేల తెల్ల బల్బుల వెలుగులో జిగురోడుతూ మరకలన్నీ బయటపెడుతుంది. ఒలికిన బీరు కంపు, తడిగుడ్డ వాసన. తూటాలు దిగిన స్తంభాన్ని కప్పడానికి చుట్టూ అద్దాలు బిగించారు. ఎటు నడిచినా మన మొహం ముక్కలు ముక్కలుగా మనతో పాటు నడుస్తుంది. పాటలేమీ లేకపోయినా పెద్ద స్పీకర్ల ముందు నిలబడితే అరికాళ్ళలో సన్నగా ఒక అదురు. వైర్లలో కరెంటు అంటాడు మేనేజరు. ఊడ్చే ఆవిడ ఆ మాట నమ్మదు. ఆ పక్క ఎప్పుడూ గబగబా తుడిచేసి వచ్చేస్తుంది.

అతను వచ్చేసరికి గేటు ఇంకా ఆపేసి ఉంది. లోపలికి పోయి చేతులు కడుక్కుందామని కుళాయి కింద పెట్టాడు. చెయ్యి పెడితే దానంతటదే నీళ్ళొచ్చే కుళాయి అది. రాలేదు. అటు పెట్టాడు, ఇటు పెట్టాడు, ఊహూఁ. పక్కన బకెట్టు పట్టుకుని నిలబడ్డ ఊడ్చే ఆవిడ వేలు చూపించిందో లేదో ధారగా కారింది.

"నీ మీద అలిగినట్టుంది మావయ్యా," అందావిడ నవ్వుతూ.

అతనూ నవ్వాడు గానీ, నవ్వు మొహం దాటి లోపలికి దిగలేదు.

ఇక గేటు సంగతి. ఆ కాల్పుల తర్వాతే దాన్ని కొన్నారు. తలుపు లేని గుమ్మంలా నిలబడి ఉంటుంది. ఇనుముతో ఎవరు దాటినా కుయ్యిమంటుంది. తెరిచే ముందు రోజూ ఒక ఇనుప బిళ్ళ పట్టుకుని దాటి పరీక్ష చెయ్యాలని బిగించినవాళ్ళు చెప్పి, బిళ్ళ కూడా ఇచ్చి వెళ్ళారు. మొదటివారంలోనే ఆ బిళ్ళ ఎక్కడో పడిపోయింది. అదే రోజు గడప మావయ్య ఖాళీ జేబులతో దాటితే గేటు కుయ్యిమంది. మేనేజరు పగలబడి నవ్వాడు. "ఇంకో బిళ్ళ ఎందుకయ్యా దండగ? నువ్వే మా బిళ్ళ!" అన్నాడు. ఆ సరదా మాట కాస్తా పద్ధతయిపోయింది. గడప మావయ్య ఒంటి మీద ఇనుము మానేసిందీ, వెండి మొలతాడుతో సహా తీసేసిందీ అందుకే. తన ఛాతీలో ఉన్నది తప్ప ఇంకేదీ మోగకూడదు. పనివాళ్ళకూ అదే రూలు పెట్టాడు: తాళాలు, ఫోన్లు అన్నీ గేటు పక్కన ట్రేలో వదిలితేనే లోపలికి. గుండుసూది కూడా వీల్లేదు.

స్విచ్చి వేశారు. ఈల తీసి ట్రేలో పెట్టి, బయటినుంచి లోపలికి అడుగు వేశాడు.

గేటు మోగలేదు.

వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. మోగలేదు. ఈసారి ఊపిరి బిగబట్టి, ఛాతీ ముందుకు పెట్టి, దాని మధ్యలో నిలబడ్డాడు. చిన్న పచ్చ దీపం ప్రశాంతంగా వెలుగుతోంది. అక్కడ ఎవరూ లేరని చెప్పే దీపం అది.

"చెడిందేమో," అన్నాడు రెండో కాపలావాడు. ఆరడుగుల పైన రెండంగుళాలు ఉంటాడు కనుక వాణ్ణి అందరూ పొట్టోడంటారు.

మేనేజరు ట్రేలోంచి తన తాళాల గుత్తి తీసి, చేతిలో ఊపుకుంటూ దాటాడు. కుయ్యిమంది. పొట్టోడు పాంటు జేబులో ఫోను వేసుకుని దాటాడు. కుయ్యిమంది. ఊడ్చే ఆవిడ ఇనుప బకెట్టుకూ మోగింది.

"బ్రహ్మాండంగా ఉంది. నీ తూటాయే అరిగిపోయినట్టుంది మావయ్యా!" అన్నాడు మేనేజరు.

అందరూ నవ్వారు. గడప మావయ్య మాత్రం మనసులో లెక్కపెట్టుకున్నాడు. పక్కింటాయన, బస్సు, కుళాయి, ఇప్పుడిది. ఎవరూ చూడకుండా ముంజేయి గిల్లుకున్నాడు. గిల్లింది తెలియలేదు, అది తిమ్మిరెక్కిన చెయ్యి. భయం వేసింది. తన గురించి కాదు.

"బాబూ, ఇవాళ తెరవొద్దు," అన్నాడు మేనేజరుతో.

"ఏంటీ?"

"అది నన్ను చూడటం లేదు. నన్ను చూడంది ఇంకెవర్ని చూడటం మానేస్తుందో మనకేం తెలుసు? రిపేరువాణ్ణి పిలవండి."

"శనివారం పూట రిపేరువాడెక్కడ దొరుకుతాడు? బయట చూడు, అప్పుడే లైను కట్టేశారు. మూడు వస్తువులకు మోగింది నీ కళ్ళ ముందే. నీ ఒక్కడి తూటా కోసం దుకాణం మూసుకోమంటావా?"

గడప మావయ్య గాజు తలుపులోంచి చూశాడు. ఇంకా పొద్దు పోలేదు. ఆడపిల్లలు, మగపిల్లలు నవ్వుకుంటూ నిలబడ్డారు. వాళ్ళ మధ్య, అంత ఉక్కపోతలో, కోటు గుండీలన్నీ పెట్టుకున్న ఒక మనిషి. అతను ఎవరితోనూ మాట్లాడటం లేదు. అతని ముందూ వెనకా కాస్త జాగా ఉంది, పక్కవాళ్ళు తెలియకుండానే జరిగినట్టు.

బారు దగ్గర్నుంచి ఇదంతా చూస్తున్న మేనకోడలు ఏప్రను నాడా కట్టుకుంటూ వచ్చింది. "ఏంటి మావయ్యా, గేటుతో గొడవ పెట్టుకున్నావు?"

"అమ్మడూ, నువ్వు ఇంటికి పో."

"ఎందుకు?"

"పొమ్మన్నానా లేదా?" ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. మొహం చూస్తే పాలిపోయి, చెమటతో తడిసి ఉంది.

"ముందు నువ్వు కూచో. కూచుని మాట్లాడు." భుజం పట్టుకుని గేటుకు లోపలి పక్కనున్న స్టూలు మీద కూచోబెట్టింది. "మీ అమ్మకు మాటిచ్చానే," అన్నాడతను మెల్లగా. "సర్లే, మంచినీళ్ళు తెస్తానుండు," అంది.

ఆమె గ్లాసుతో తిరిగొచ్చేసరికి గడప మావయ్య గోడకు తల ఆనించి గేటు వైపే చూస్తున్నాడు. పిలిచింది. గ్లాసు చేతికి అందివ్వబోయింది. ఆ పెద్ద అరచెయ్యి దాన్ని పట్టుకోలేదు.

పక్క సందులో క్లినిక్కు నడిపే డాక్టరు పరుగున వచ్చాడు. నాడి చూశాడు, కళ్ళు చూశాడు, చాలాసేపు ఛాతీ నొక్కాడు. చివరికి లేచి నిలబడి, గుండె ఆగిపోయిందమ్మా అన్నాడు. మేనకోడలు నేల మీద కూలబడి మావయ్యా మావయ్యా అని ఏడ్చింది. ఊడ్చే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

మేనేజరు చెడ్డవాడేం కాదు, అతని కళ్ళూ తడిశాయి. కానీ బయట లైను వీధి మలుపు దాకా పెరిగింది. "మన వ్యానులో ఇంటికి చేరుద్దాం. ఒక అరగంట ఆగి తెరుద్దాం. ఏం చేస్తాం," అన్నాడు.

పెద్ద బల్ల మీది గుడ్డ తెచ్చి, దాని మీద పడుకోబెట్టి, నాలుగు మూలలు నలుగురు పట్టారు. ముందు పొట్టోడూ ఒక వెయిటరూ, వెనక ఇంకో వెయిటరూ మేనకోడలూ. నడుం ఎత్తున మోసుకుంటూ గేటు దాటించబోయారు.

గేటు కుయ్యిమంది.

అందరూ కొయ్యబారిపోయారు. పొట్టోడు ఒక చేత్తో జేబులు తడుముకున్నాడు. ఏమీ లేవు. ఎవరి దగ్గరా ఏమీ లేవు. అన్నీ ట్రేలోనే ఉన్నాయి.

"తూటా కదా, పదండి," అన్నాడు మేనేజరు.

"ఇందాక ఎందుకు మోగలేదు?" అంది మేనకోడలు. ఆమె ఏడుపు ఆగిపోయింది. "నడిచొస్తే మోగలేదు. పడుకోబెట్టి మోస్తే మోగింది. వెనక్కి తీసుకురండి."

"అమ్మా, చనిపోయిన మనిషిని..."

"వెనక్కి రండి! ఛాతీ దాకా ఎత్తండి. మావయ్యా, ఏమీ అనుకోకు."

ఎత్తారు. ఛాతీ ఎత్తున దాటించారు. పచ్చ దీపం అలాగే వెలిగింది, చడీ చప్పుడూ లేదు. మళ్ళీ వెనక్కి తెచ్చి నడుం దాకా దించి దాటించారు. కుయ్యిమంటూ మోగింది.

"తాళాలు ఎక్కడ పట్టుకున్నారు సార్? నడుం దగ్గర. వీడి ఫోను పాంటు జేబులో ఉంది. బకెట్టు ఇంకా కిందకి. ఇది కింద చూస్తోంది, పైన చూడటం లేదు. ఛాతీ దగ్గర ఏది పెట్టుకొచ్చినా దీనికి కనబడదు."

మేనేజరుకు కోటు లోపలి జేబు గుర్తొచ్చింది. గబగబా బయటికి పోయి, ఇవాళ లేదు, ఎవరూ రావద్దు, వెళ్ళిపోండి అని చేతులూపుతూ అరిచాడు. లైను గొణిగింది, తిట్టింది, మెల్లగా విడిపోయింది. అందరి కన్నా ముందు కదిలింది కోటు మనిషి. అతను ఏమీ అడగలేదు. గుండీల మధ్యలోంచి లోపలికి పెట్టుకున్న చెయ్యి తియ్యకుండానే, తాపీగా మలుపు తిరిగి మాయమయ్యాడు.

మేనకోడలు గాజు తలుపు లోపలినుంచి అతను వెళ్ళినంతమేరా చూసింది. అమ్మకు ఫోన్ చెయ్యాలి. ఏమని చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మాట నిలబెట్టుకున్నాడని చెప్పాలి, ముందు అదే చెప్పాలి అనుకుంది.

వ్యాను వచ్చింది. మేనేజరు తాళాలు తీసుకున్నాడు. పొట్టోడు, వెయిటర్లు తమ తమ ఫోన్లు వెతుక్కుని తీసుకున్నారు. అందరి తర్వాత మేనకోడలు తనది తీసుకుంది. ట్రే అడుగున, చెమటకు నల్లబడ్డ తాడుతో, స్టీలు ఈల ఒక్కటి మిగిలింది.