ఖాళీ స్థలం

హోసూరు అంచున మా చేనిలో ఇల్లు కట్టుకోవాలంటే ముందు ప్లానుకు పర్మిషన్ రావాలి. తొంభై ఎనిమిదిలో ఆ ప్లాను గీయడానికి లింగప్ప టేపు పట్టుకుని వచ్చాడు. వంటింటికి పదిహేను అడుగులు కావాలన్నాను.

"వంట చేస్తారా, కబడ్డీ ఆడతారామ్మా?" అన్నాడు. మా ఆయన నవ్వాడు.

వెనక తోటకని వదిలిన చోటు కొలుస్తూ లింగప్ప ఆగిపోయాడు.

"ఈ రాళ్ళేందమ్మా ఈడ?"

"మా పాప మధుమిత. మూడేండ్లప్పుడు జ్వరమొచ్చి పోయింది. మాలో సొంత చేనిలోనే పూడుస్తారు."

అతను టేపు చుట్టేసి, మా ఆయనతో మెల్లగా అన్నాడు. "శేఖరప్పా, సమాధి చూపిస్తే ఫైలు ఆడనే నిలిచిపోతుంది. ఖాళీ స్థలమని రాస్తాను. పర్మిషనిచ్చే సారు చూసేదానికి వస్తారు, ఆలోపల రాళ్ళు తీసేయండి."

మా ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వే చెప్పు. వద్దంటే మూకండపల్లి అద్దింట్లోనే ఉండిపోదాము."

పాపకు దగ్గరగా ఉండాలని ఇక్కడ కట్టమన్నది నేనే. స్థలం ఇద్దరి పేరా ఉంది కాబట్టి ప్లాను మీద నేను కూడా సంతకం చేశాను. రాళ్ళను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కొక్కటే తీసి, చేత్తో మట్టి సర్దాను.

నాలుగు రోజులకు సారు వచ్చారు. తోటంతా తిరిగి, సరిగ్గా అక్కడే నిలబడి ప్లాను విప్పారు. అంతా సరిగ్గా ఉందన్నారు. కాస్త పక్కకు జరగండి అని అడగడానికి నాకు నోరు రాలేదు.